మోటుపల్లి తీరమున నాలుగు దినములు

మన కారంపూడిని ఒరసికొని పాఱు నాగులేరు కృష్ణలో కలియును. ఆ కృష్ణ హంసలదీవికడ సముద్రమును చేరును. మన చేలపై కురిసిన వాననీరు ఇట్లు ఏటేట సముద్రమునకు పోవుచుండగా, ఆ చేలను దున్నువారిలో పెక్కుమంది సముద్రమును కన్నులార చూడనివారే. నేనొకనాడు తరగతిలో "సముద్రమును చూచినవారెవరు?" అని యడుగగా చేతులెత్తినవారు కొలదిమంది. వారిలోను హెచ్చుమంది విహారయాత్ర బస్సులో పోయి, అరగంటసేపు ఒడ్డున నిలిచి, ఛాయాచిత్రములు తీయించుకొని, మరల బస్సెక్కినవారు. "ఏమి చూచితిరి?" అని యడిగితిని. "నీళ్ళు" అనిరి.

అది వారి తప్పు కాదు. ఈల విని దిగి, ఈల విని ఎక్కు యాత్రలో అంతకంటె కనబడుట అరుదు. తమంతట తాము ఒక యూరిని ఎంచుకొని, త్రోవ తామే కనుగొని, అచట నాలుగు దినములు నిలిచి, ఆ యూరివారితో మాటలాడి వచ్చుట వేఱొక విధమైన యాత్ర. గత సంక్రాంతి సెలవులలో మా అన్నగారి కుమారుని, వాని స్నేహితులు ముగ్గురిని వెంటబెట్టుకొని నేనట్టి యాత్ర యొకటి చేసితిని. పోదలచువారికి పనికివచ్చునట్లు దానినిగూర్చి వ్రాయుచున్నాను. నేను చేసిన పొరపాటునొకదానిని గూడ దాచక వ్రాసెదను.

మన ప్రాంతమువారికి అందుబాటులోనున్న తీరములలో బాపట్లకడ సూర్యలంకయు, చీరాలకడ ఓడరేవును ప్రసిద్ధములు. రెండును చక్కని తీరములే. బసలును భోజనశాలలును కలవు. కాని సెలవుదినములందును, కార్తికమాసమందును అచటి జనసమ్మర్దము మన వీరుల తిరునాళ్ళను తలపించును. సద్దులేని చోటును కోరువాడు చీరాలకు దక్షిణముగ పోవలెను. వేటపాలెము దాటిన పిమ్మట, చినగంజాము మండలములో, సముద్రమునకు చేరువగ మోటుపల్లి యను చిన్న గ్రామము కలదు. నేడది బాపట్ల జిల్లాలోనిది. 1970వ సంవత్సరమున ఒంగోలు జిల్లా యేర్పడువఱకు అదియు మన కారంపూడియు ఒక్క గుంటూరు జిల్లాలోనివే.

త్రోవ కష్టమైనది కాదు. కారంపూడిలో బస్సెక్కి నరసరావుపేటలో దిగవలెను. అచటినుండి చిలకలూరిపేటకును, అచటినుండి పర్చూరు మీదుగ చీరాలకును వేఱు బస్సులు దొరకును. ప్రొద్దుట బయలుదేరిన మధ్యాహ్నభోజనమువేళకు చీరాల చేరవచ్చును. ఈ త్రోవలో నిద్రపోవువాడు మంచి పాఠమునొకదానిని పోగొట్టుకొనును. మన నాపరాతి నేలలు వెనుకబడును. నరసరావుపేట దాటిన పిదప ఎడమచేతివైపున దూరముగ కొండవీటి కొండలు కనబడును. పిమ్మట కొండ యన్నది లేక నల్లరేగడి పొలములు చదునుగ పఱచుకొనును. చీరాల సమీపించుకొలది ఆ నలుపు పోయి తెల్లని యిసుక బయలుపడును. ఇసుకతోపాటు జీడిమామిడి తోటలును సరుగుడు తోటలును వచ్చును. గాలిలో ఉప్పువాసన మొదట పసిగట్టినది మా అన్న కుమారుడు. మిగిలినవారు నమ్మరైరి.

చీరాలలో మగ్గముల చప్పుడు వినుటకు ఒక పూట ఆగితిమి. 1921లో పురపాలక సంఘపు పన్నులకు లోబడక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొని నివసించిన పట్టణమిది. వేటపాలెములో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనమను గ్రంథాలయమున్నది. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాత పత్రికల నచట కుదురుగ దాచియున్నారు. బాలురకు అందు గంటసేపు చాలునని నేననుకొనగా, రెండు గంటలైనను వారు లేవలేదు.

ఇట్టి పల్లెలలో బసనుగూర్చి ముందుగ విచారించుకొని పోవలెను. చీరాలలోని మిత్రునొకని మూలముగ మోటుపల్లిలో ఒక గృహస్థు తన యింటిలోని గదిని, వసారాను మాకిచ్చెను. అద్దె యెంతయో, నీళ్ళెచట తోడుకొనవలెనో, వంట యెవరు చేయుదురో మొదటనే మాటలాడుకొంటిమి. మొగమాటమున మాటలాడక ఊరకుండి, తుదకు సణుగుకొనుట మనవారి అలవాటు. అది రెండు పక్షములకును మంచిది కాదు. గ్రీసుదేశపు తీరగ్రామములలోను దీవులలోను ఇట్లే గృహస్థులు తమ యింటిగదులను ప్రయాణికులకు అద్దెకిత్తురు. ఐరోపాఖండమునుండి పెక్కుమంది ఏ యాత్రాసంఘముతోను పనిలేక, తమంతట తాము ఓడయెక్కి అట్టి పల్లెలకు పోయి దినములతరబడి నిలుతురు. ఆ దేశభాషలో 'క్సెనోస్' అను ఒక్క పదమే పరాయివానికిని అతిథికిని చెల్లును. అయినను, శాంటొరీని వంటి దీవులకు జనము విరుగబడి పోవుటచే, అచటి బడిపంతుళ్ళకును వైద్యులకునుగూడ అద్దె యిల్లు దొరకుట దుర్లభమైనది. సద్దులేని యూరికి పోవువారెల్లరును ఆ సద్దులేనితనమును కొంచెము కొంచెముగ ఖర్చు పెట్టుచున్నవారే. ఈ వ్యాసము వ్రాయుచున్న నేనును అందులోనివాడనే.

పరాయివాడు ఒడ్డుకు వచ్చినప్పుడు అతనియెడ నెట్లు నడువవలెను? ఈ ప్రశ్నకు మోటుపల్లిలో ఒక ప్రాచీనమైన ఉత్తరము రాతిమీద చెక్కబడి యున్నది. మేము మొదటిదినముననే దానిని చూడబోయితిమి.

ఆ యూరి వీరభద్రస్వామి యాలయములో కాకతి గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనస్తంభము కలదు. దాని కాలము శాలివాహనశకము 1166, అనగా క్రీస్తుశకము 1244-45. నేడు చేపల పడవలకు మాత్రమే పరిచితమైన ఈ యొడ్డు ఆనాడు కాకతీయ సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవు. దూరదేశముల ఓడలు ఇచటికి వచ్చెడివి. అప్పటి రాజులలో ఒక దుష్టాచారముండెను. తుపానులో చిక్కిన ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, అందలి సరకంతయు ఆ యొడ్డును ఏలు రాజుదే. బంగారమైనను, గుఱ్ఱములైనను, ఏనుగులైనను, రత్నములైనను వర్తకునకు మిగులునది లేదు. సముద్రము సగము దోచిన వానిని రాజు మిగిలిన సగము దోచెడివాడు. గణపతిదేవుడు దీనిని మాన్పించెను. ప్రాణముకంటె ధనమే ప్రియమని సముద్రమునకు తెగించి వచ్చు వర్తకులపై దయతో, కీర్తిని ధర్మమును కోరి, నియమితమైన సుంకము తప్ప వేఱేమియు గ్రహింపబోనని ఆ శాసనములో అభయమిచ్చెను. ఎగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొకవంతు సుంకము. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు మొదలగువానికి ఏది యెంతయో ఆ రాతిపైననే వ్రాయించెను. రేటు రాతిమీద నున్నచో సుంకరి తన యిష్టమువచ్చినట్లు అడుగజాలడు గదా! నా మట్టునకు ఆ శాసనములో దయావాక్యమంత గొప్పదిగనే ఈ పట్టికయు తోచినది.

గణపతిదేవుని పిదప ఆయన కుమార్తె రుద్రమదేవి ఏలెను. వెనిసు నగరపు యాత్రికుడు మార్కోపోలో 'ముట్‌ఫిలి' యని పేర్కొన్నది ఈ మోటుపల్లినే. ఆ దేశమును వివేకవతియైన రాణి పాలించుచున్నదనియు, అచట వజ్రములును సాలెగూటివంటి సన్నని వస్త్రములును దొరకుననియు అతడు వ్రాసెను. రాణిని మృతుడైన రాజుయొక్క భార్యగా భావించుట అతని పొరపాటు. వస్త్రముల మాట నమ్మదగినది. నేటికిని చీరాల నేతగాండ్రు అందుకు సాక్షులు. కాకతీయులు పోయిన పిమ్మట కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో ఈ రేవునకు వచ్చు వర్తకులకు మరల అభయశాసనమిచ్చెను. మనము బస్సులోనుండి చూచిన కొండలే ఆ రాజధాని. మన పల్నాటివీరచరిత్రకు కర్తయని చెప్పబడు శ్రీనాథుడు ఆ కొండవీటి యాస్థానమువాడే. ఆయన హరవిలాసమును కృతినందిన అవచి తిప్పయసెట్టి సముద్రవర్తకమున ప్రసిద్ధుడు. కారంపూడి యుద్ధభూమికిని ఈ యిసుకతీరమునకును నడుమ ఒక కవి నిలిచియున్నాడని చెప్పినప్పుడు మా బాలురు మరల ఒకసారి స్తంభము చుట్టు తిరిగి చూచిరి.

ఇక తీరము. ఊరికిని అలలకును నడుమ ఇసుకతిప్పలు, సరుగుడుచెట్లు, మొగలిపొదలు. సంక్రాంతి దినములలో తెల్లవాఱుజామున చలిగ నుండును. తూర్పుతీరమగుటచే సూర్యుడు నీటినుండియే లేచును. అయితే మేము పోవుసరికే మత్స్యకారుల దినము సగము గడచి యుండెను. పడవలు చీకటియందే వేటకు పోవును. దానికి గాలి సాయపడును. పగలు నేల నీటికంటె త్వరగ వేడెక్కును. నేలపై గాలి పైకి లేచిపోగా, ఆ చోటికి సముద్రముమీది చల్లనిగాలి వచ్చును. రాత్రి నేల త్వరగ చల్లబడును. అప్పుడు గాలి నేలనుండి సముద్రమునకు వీచును. తెరచాప పడవల కాలములో రాత్రి చివరను నేలగాలితో పోయి, మధ్యాహ్నము సముద్రపుగాలితో తిరిగి వచ్చెడివారు. భూగోళపు పుస్తకములో బాలురు వల్లించిన పాఠమే యిది. మెడపై ఆ గాలి తగిలిన పిదప వల్లించవలసిన పని లేకపోయినది.

రెండవదినమున అలివివల లాగుట చూచితిమి. వలయొక్క ఒక కొసను ఒడ్డున నుంచి, పడవ మీద తక్కిన వలను అర్ధచంద్రాకారముగ విడిచి, రెండవ కొసను దూరముగ ఒడ్డునకు తెత్తురు. పిమ్మట రెండు కొసలను రెండు జట్లు లాగును. గంటకు పైగ పట్టును. మమ్ములనుగూడ త్రాడు పట్టుకొమ్మనిరి. పట్టుకొంటిమి, మా యరచేతులు కందినవి గాని మా బలమువలన వల ఒక్క జానయైన ఎక్కువ కదలినదని చెప్పలేను. పడినవి నెత్తళ్ళు, కొన్ని కానాగంతలు, రెండు మూడు చందువలు. అంతమంది కష్టమునకు అంతేనా యని మా కుఱ్ఱడొకడు పైకే అనెను. ఎవరును బదులు చెప్పలేదు. ఒక్కొక్కనాడు అంతయు లేదని తరువాత తెలిసినది. చేపలు గుడ్లు పెట్టు కాలమగుటచే ప్రభుత్వము తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేటను నిషేధించును. మన వేసవి సెలవులు సరిగ ఆ కాలముననే వచ్చును. అప్పుడు పోవువారు ఒడ్డున వరుసగ నిలిచిన పడవలను చూచి ఊరు విశ్రాంతిగ నున్నదనుకొనరాదు. ఆ దినములలో వారి యిండ్లలో రాబడి లేదు.

ఈ తీరము వినోదస్థలము గాకమునుపు పనిచోటు. ఇసుకపై ఎండబెట్టిన చేపలు వారి ధాన్యము. మన కళ్ళములో పరాయివాడు చెప్పులతో నడచిన మనమేమందుమో వారును అదే యందురు. పఱచిన వలను త్రొక్కరాదు. అడుగక పడవ యెక్కి కూర్చుండరాదు. పనిలోనున్న స్త్రీలను ఛాయాచిత్రములు తీయరాదు. గాజుసీసా పగులగొట్టినవాని కాలు ఎన్నడును కోసికొనదు, వాడు మఱునాటికి ఊరు చేరియుండును. ఇసుకలో ప్రతిదినము వట్టికాళ్ళతో నడచువాడు వేఱొకడు.

ఇప్పుడు నా పొరపాటు. మూడవదినము సాయంకాలము బాలురు నీటిలో దిగుదుమనిరి. నలుగురును నాగులేటి మడుగులోను సాగరు కాలువలోను ఈత నేర్చినవారు. మొలలోతుకంటె పోవలదని చెప్పి నేను ఒడ్డున కూర్చుంటిని. అలలు అంతటను విఱుగుచుండగా ఒకచోట మాత్రము నీరు నిలుకడగ నున్నట్లు కనబడెను. అది మేలైన చోటని నేనే చూపితిని. రెండు నిమిషములలో మా అన్న కుమారుడు మిగిలినవారికంటె చాల దూరమున నుండెను. వాడు ఒడ్డు వైపునకే ఈదుచుండెను. అయినను వెనుకకే పోవుచుండెను.

ఒడ్డున వల బాగుచేయుచున్న ముదుసలి యొకడు లేచి చేయెత్తి అఱచెను: "ఒడ్డుకు ఈదొద్దు! పక్కకు, పక్కకు ఈదు!" వాడు వినెను. తీరమునకు సమముగ, ఉత్తరదిక్కుగ కొంతదూరము ఈదగా అలలు విఱుగుచున్న చోటికి వచ్చెను. అచట అలలే వానిని ఒడ్డునకు త్రోసినవి. నేను లేచి నిలుచుంటినే గాని నాకు నోరు పెగలలేదు.

ముదుసలి నా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. "ఏ ఊరు పంతులుగారూ?" అని యడిగెను. చెప్పితిని. "మీ కాలవలో నీళ్ళు ఒకదిక్కునే పోతాయి. ఇక్కడ వచ్చిన నీళ్ళు మళ్ళీ పోవాలి గదయ్యా, ఎటు పోతాయి?" అనెను. నేను పెక్కేండ్లు పాఠము చెప్పియు ఆ ప్రశ్నను వేసికొనలేదు. దాని యుత్తరమిది. అలలు తీరమునకు కొంత దూరముననున్న ఇసుకమెట్టను దాటి నీటిని ఒడ్డుకు త్రోయుచుండును. ఆ నీరు తిరిగిపోవుటకు మెట్టలో గండి యెచటనున్నదో అచటికి చేరి, ఇఱుకైన ప్రవాహమై లోనికి పోవును. గండికడ లోతు హెచ్చగుటచే అచట అల విఱుగదు. కావున చూచువానికి అదియే నిలుకడైన చోటుగ కనబడును. నీరు కొంచెము మడ్డిగ నుండుట, నురుగు లోనికి పోవుచుండుట దాని గుర్తులు. గజయీతగాడైనను దానికి ఎదురీది గెలువజాలడు, అలసి మునుగును. అది వెడల్పైనది కాదు గనుక ప్రక్కకు ఈదిన తప్పించుకొనవచ్చును. ఈదలేనివాడు పెనుగులాడక తేలియుండి చేయెత్తి పిలువవలెను. మన తీరములందు ప్రతివత్సరము విద్యార్థులు మునిగిపోయిన వార్తలను పత్రికలలో చదువుచునే యున్నాము. వారిలో ఈత వచ్చినవారును కలరు. దిగుటకు ముందు ఆ యూరివారిని "ఇచట దిగవచ్చునా?" అని అడుగుటకు ఒక్క నిమిషము చాలును. నేను అడుగలేదు. మా అన్నగారికి ఈ సంగతి ఇంటికి వచ్చిన తరువాత చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు.

కాలమునుగూర్చి ఒకమాట. పుష్యమాఘములు ఈ తీరమునకు ఉత్తమము. ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు తుపానుల భయము. 1977 నవంబరు 19వ తేదీని వచ్చిన దివిసీమ ఉప్పెన 10,000 మందికి పైగ ప్రాణములను తీసికొన్నది. బాపట్ల ప్రాంతమునను ఘోరనష్టము కలిగినది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకు సమీపముననే తీరము దాటెను. 2004 డిసెంబరు 26న సునామీ అలలు ఈ తీరమునకుగూడ వచ్చినవి. ఆనాడు ఆకాశము నిర్మలముగ నుండెను. తుపాను హెచ్చరిక యున్నప్పుడు పోకుండుటయు, సముద్రము అకస్మాత్తుగ వెనుకకు తగ్గినచో వింతగ చూడక ఎత్తైన చోటికి పరుగిడుటయు ప్రతి బాలునికిని తెలిసియుండవలెను.

చలికాలపు చివర మఱియొక యతిథియు ఈ తీరమునకు వచ్చును. ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంటచేసి, నూఱు వఱకు గుడ్లు పెట్టి పోవును. సుమారు 50 దినములకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురుగ కనబడు దిక్కే సముద్రమని నమ్మి పోవును. మనము ఒడ్డున పెద్దదీపములు వెలిగించిన అవి దారి తప్పి ఊరివైపునకు ప్రాకి చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది. మేము ఒక రాత్రి టార్చి ఆర్పి చాలసేపు కూర్చుంటిమి. తాబేలు రాలేదు. చుక్కలు మాత్రము మన నాగులేటి గట్టునుండి చూచినవానికంటె క్రిందుగ, నీటిని తాకుచున్నట్లు, కనబడినవి.

నాలుగవదినము ప్రాతఃకాలమున బయలుదేరుచు ఆ ముదుసలిని చూడబోయితిమి. ఏమైన ఈయవలెనని నా యుద్దేశము. అతడు పుచ్చుకొనలేదు, పైగా మా కుఱ్ఱవానిని పిలిచి, నిన్న చూపిన గండి ఈనాడు ఎచట నున్నదో చెప్పుమనెను. వాడు చాలసేపు చూచి, దక్షిణమున మఱియొక చోటును చూపెను. ముదుసలి తల యూపెను. ఇసుక కదలుచుండును గనుక గండియు నిలిచిన చోట నిలువదట.

పిమ్మట అతడు, పల్నాటివీరుల తిరునాళ్ళనుగూర్చి విన్నాననియు, అది యెప్పుడు జరుగుననియు అడిగెను. కార్తిక అమావాస్యనుండి ఐదు దినములని చెప్పితిని. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని బాలురు నలుగురును ఒక్కసారి వల్లించిరి. ఆ దినములలో గాలి చెడినచో వేట యుండదనియు, అప్పుడైన రావచ్చుననియు అతడనెను. ఎట్లు రావలెనో నా చీటిపై వ్రాసి యిచ్చితిని: చీరాలలో బస్సెక్కి చిలకలూరిపేటలో దిగవలెను, అచటినుండి నరసరావుపేట, అచటినుండి కారంపూడి, దిగిన తరువాత వీరులగుడి యేదని యెవరినడిగినను చెప్పుదురు, ఆ వీథిలోనే మా యిల్లు.